ఉప్పు రంగు మంచు

గౌరీశంకర్‌కి చలి అస్సలు పడదు. మాఘమాసంలో పలాస మీద తెల్లవారుజామున కురిసే ఆ కాస్త మంచుకే మెడకి మఫ్లరు, చెవుల్లో దూది, కాళ్ళకి మేజోళ్ళు. పది గంటలయ్యేదాకా స్టూడియో షట్టరు సగమే ఎత్తించి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు వంపుకుని తాగుతూ కూచుంటాడు. అలాంటి మనిషికి మంచుకొండల్లో నక్కని ఫొటో తీసినందుకు జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది.

ఆ సంగతి సంతోషికి శుక్రవారం పొద్దున్న, మోచేతుల దాకా నీళ్ళ తొట్టిలో ఉండగా తెలిసింది.

తొట్టిలో పాతిక పాస్‌పోర్టు ఫొటోలు ఈదుతున్నాయి. జీడిపప్పు బట్టీలో పనిచేసే ఆడవాళ్ళవి. హైపో అనే మందు వాసన వదిలేదాకా వాటిని కడగాలి, లేకపోతే ఏడాది తిరక్కుండా మొహాలు పచ్చబడిపోతాయి. పన్నెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. రీలు కడగడం, ప్రింటు వెయ్యడం, ఆరబెట్టడం, సన్నని కుంచెతో తెల్ల మచ్చలు పూడ్చడం. మందునీళ్ళకి గోళ్ళు జీడిరసం తగిలినట్టు గోధుమరంగుకి తిరిగిపోయాయి.

"సంతోషీ! ఎవరినైనా పంపి రసగుల్లాలు తెప్పించు. నాలుగు డజన్లు!" గౌరీశంకర్ చేతిలో కవరు ఊపుకుంటూ డార్క్‌రూం గుమ్మం దాకా వచ్చాడు. "మన ఫొటో కొట్టిందే!"

"ఏ ఫొటో బాబు?"

"అదేనే, నక్క! నిజంగా నక్కతోక తొక్కొచ్చాననుకో."

సంతోషి చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. జిల్లా ఫొటోగ్రాఫర్ల సంఘం, నలుపు తెలుపు విభాగం. ప్రథమ బహుమతి, మంచులో నక్క. తీసినవారు గౌరీశంకర్, పలాస. ఆదివారం టెక్కలి కల్యాణమంటపంలో సభ.

చదివిందే మళ్ళీ చదివింది.

"బాబు, అది మా ఢిల్లీబాబు తీసిన ఫొటో గదా."

"కాదని ఎవరన్నారే?" గౌరీశంకర్‌కి కోపం కూడా రాలేదు. అదీ ఆ మనిషి ధీమా. "రీలు ఎవరిది? పెళ్ళిళ్ళలో మిగిలిన ముక్కలు డబ్బాల్లోకి ఎక్కించి మీ తమ్ముడికి పంపుకున్నావు, నేనేమైనా అన్నానా? కాగితం ఎవరిది? మందులు? ఎన్‌లార్జరు? ఈ స్టూడియోలో తయారైన ఫొటో వెనకాల ఏ ముద్ర పడతాది?"

పలాస నుంచి సోంపేట దాకా ఏ స్టూడియోలోనైనా అదే ఆనవాయితీ. నొక్కింది ఎవరైనా ముద్ర యజమానిది. మొన్న కార్తీకంలో రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గర జనాన్ని సంతోషి తీసిన ఫొటోలు పేపర్లో పడ్డాయి. కింద గౌరీశంకర్ పేరే ఉంది. అప్పుడామె ఇంటికెళ్ళి హాయిగా అన్నం తిని పడుకుంది. తన సంగతి వేరు. గడ్డకట్టే చలిలో నిలబడి తీసినవాడి సంగతి వేరు.

"ఇంకో మాట," అన్నాడు గౌరీశంకర్, ఈసారి గొంతు కాస్త తగ్గించి. "విశాఖపట్నం నుంచి సోమేశ్వరరావుగారని జడ్జి వస్తారు. బహుమతి ఇచ్చేముందు నెగిటివ్ చూస్తారట. నీ దగ్గరే ఉండాలి గదా. రేపు తెచ్చెయ్."

సంతోషి ఆయన మొహంలోకి చూసింది. పన్నెండేళ్ళలో ఆయనకి ఆమెతో అవసరం పడటం ఇదే మొదలు.

"ఆదివారం నానే టెక్కలి తెత్తాను బాబు," అంది.

కాశీబుగ్గలో ఆమె అద్దెగది పైన, నిరుటి తుఫానుకి ఎగిరిపోయిన రేకు స్థానంలో ఇంకా కొబ్బరాకుల తడకే ఉంది. చెమ్మ తగలకుండా నెగిటివ్‌లని బియ్యండబ్బాలో దాస్తుంది. శనివారం సాయంత్రం స్టూడియో నుంచి రాగానే తలుపు వేసుకుని, డబ్బాలో చెయ్యి పెట్టి వెన్నకాగితం పొట్లం తీసింది. దాంతోపాటు తమ్ముడి ఉత్తరం కూడా.

ఢిల్లీబాబు లడక్‌లో సిపాయి. సొంతూరు బారువలో తోటివాళ్ళంతా వల పట్టుకుంటే వాడు తుపాకీ పట్టుకున్నాడు. ఎవరో సుబేదారు రిటైరవుతూ పాత కెమెరా ఇచ్చి వెళ్ళాడట, అప్పట్నించీ వీడికి జంతువుల పిచ్చి పట్టుకుంది. కొండమేకలు, కుందేళ్ళు, మంచులో ముక్కు దూర్చే కుక్కలు. సెలవుకి వచ్చేవాళ్ళ చేత రీళ్ళు పంపేవాడు. వాటిని కడిగి, బొమ్మ వేసి పంపేది సంతోషి.

నక్క బొమ్మ ఆమె మొదటిసారి వేసినప్పుడు పాడుచేసింది. ఆ సంగతే ఉత్తరంలో ఉంది. అక్షరాలు వంకరటింకరగా, ఎవరో చిన్నపిల్లాడు రాసినట్టున్నాయి. చలికి చెయ్యి వణికి ఉంటుందని అనుకుంది అప్పట్లో.

"అప్పా, ఫొటో అందింది. నక్క బాగుంది గానీ మంచు మంచులా లేదు. నౌపడ ఉప్పు కుప్పలా ఉంది. నీ తప్పు కాదులే, నువ్వు సూసింది ఉప్పే గదా. ఉప్పు గరుగ్గా, మాసినట్టుంటాది. మంచుకి లోపల దీపం పెట్టినట్టుంటాది. నక్క అడుగు పడిన గుంతలో కూడా తెలుపే, కాస్త నీడంతే. కెమెరా కూడా నీలాగే మోసపోతాది, మంచుని సూసి బూడిదనుకుంటాది. అందుకని అది సెప్పిందానికన్నా ఎలుతురు ఎక్కువిచ్చి తీసినాను. ఆ ఎలుతురు పెంచే మర గ్లౌజుతో తిరగదు, గ్లౌజు తీసి తిప్పాల. కెమెరాని కోటు లోపల గుండెకాడ పెట్టుకోకపోతే బేటరీ సచ్చిపోతాది. రీలు జోరుగా తిప్పితే ఎండుటాకులా ఇరిగిపోతాది. నక్క నన్ను సూసింది అప్పా. నాను దాన్ని సూసినాను. ఈ ఫొటో ఎవులికీ సూపించకు."

ఎవులికీ సూపించకు అంటే దిష్టి అనుకుంది సంతోషి. ఇంకేమనుకుంటుంది? బారువలో పడవ ఒడ్డుకి రాకముందే వలలో ఏముందో నోరెత్తి చెప్పకూడదు. చిన్నప్పుడు ఒకసారి ఒడ్డున నిలబడి "వంజరాలు, వంజరాలు" అని అరిచినందుకు అయ్య చెంప పగలగొట్టాడు. ఇదీ అలాంటిదే, బొమ్మ సరిగ్గా కుదిరేదాకా బయటపెట్టొద్దని తమ్ముడి భయం కాబోలనుకుంది.

ఆ తరవాత ఆమె మూడు రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి డార్క్‌రూంలో కూచుంది. ఎప్పుడూ చూడని మంచుని ఎర్రబల్బు కింద వెతుక్కుంది. సెకన్లు తగ్గిస్తే నక్క పాలిపోయింది, పెంచితే మంచు ఉప్పయింది. చివరికి కాగితం మార్చి, నక్క మీద పడే వెలుతురికి చెయ్యి అడ్డంపెట్టి ఆడిస్తూ, లోపల దీపమున్న తెలుపుని పట్టుకుంది. ఆ ఒక్క బొమ్మ తీగ మీద ఆరుతుండగా గౌరీశంకర్ భోజనం చేసి తొందరగా వచ్చేశాడు. "ఎంత బాగుందే!" అన్నాడు. ఆమె పొంగిపోయింది. ఆయన దాన్ని తీసి సొరుగులో పెట్టుకున్నాడు, అంతే.

ఇప్పుడు నెగిటివ్ ముక్కని కిటికీ వెలుతుర్లోకి ఎత్తింది. నక్క పక్క బొమ్మలో ఢిల్లీబాబే ఉన్నాడు. ఉన్ని టోపీలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు, స్నేహితుడెవరో తీసినట్టుంది. ఒకే ముక్క మీద నక్కా, వాడూ. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? జడ్జిగారి చేతిలో పెడితే చాలు. పైగా ఆదివారం పొద్దున్నే వాడు సెలవుకి దిగుతున్నాడు. దేవుడే ఏర్పాటు చేశాడనుకుంది పిచ్చిది.

స్టేషన్లో రైలు దిగుతున్న తమ్ముణ్ణి చూసి సంతోషి పరుగెత్తింది. వాడు నల్లబారాడు, చిక్కిపోయాడు. ఎడమచేత్తో ఇనప్పెట్టె దించాడు. కుడిచేతికి ఉన్ని గ్లౌజు.

"ఓలమ్మా, పలాసలో గ్లౌజేట్రా? మా బాబుగారికి తోడైపోనావా?"

"అలవాటైపోనాది అప్పా," అన్నాడు నవ్వి, ఆ చెయ్యి జేబులో పెట్టుకుంటూ.

"సరే పద. పెట్టె గదిలో పడేసి బస్సెక్కుదాం. టెక్కలి ఎల్లాల."

"అమ్మ ఎదురుసూత్తుంటాది గదా. టెక్కల్లో ఏటుంది?"

"నీకోసమే ఉందిరా! ఇప్పుడు సెప్పను. సెప్తే దిష్టి."

బస్సులో ఆమె నోరు ఆగలేదు. కాశీబుగ్గ కబుర్లు, బారువ కబుర్లు, అమ్మ సన్యాసమ్మ ఎండుచేపల బుట్టని కుక్క లాక్కుపోయిన వైనం. వాడు కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ ఊఁ కొట్టాడు. టికెట్టు ఎడమచేత్తో అందుకున్నాడు, వేరుశనక్కాయలు ఎడమచేత్తో వలిచాడు. ఆమె చూసింది. చూసి కూడా సంతోషంలో పట్టించుకోలేదు.

కల్యాణమంటపంలో తెల్లగుడ్డల తడికెలు కట్టి వాటి మీద ఫొటోలు తగిలించారు. బారువ పడవలు, తేలినీలాపురం కొంగలు, పొగచుట్ట కాల్చే ముసలమ్మలు. అన్నింటికీ నడుమ, పెద్ద ఫ్రేములో, నక్క.

ఢిల్లీబాబు నిలబడిపోయాడు.

వాలు పొడుగునా మంచే. కింద మూల నుంచి చిన్న చిన్న అడుగుల వరస. ఆ వరస చివర నక్క ఒక ముందుకాలు ఎత్తి, తల ఇటు తిప్పి, మూతి దగ్గర ఊపిరి పొగలాగా. వాడు దగ్గరికెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ దగ్గరికెళ్ళాడు.

"అప్పా," అన్నాడు. "ఇది మంచే. ఇప్పుడు మంచే అప్పా. ఎలా పట్టినావు?"

సంతోషికి ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన పనికి ఇంత మెప్పు ఎవరిచ్చారు?

అప్పుడు వాడు కింద గౌరీశంకర్ పేరున్న చీటీ చదివాడు. వాడికి కోపం వస్తుందనుకుంది. రాలేదు. మొహం రంగు మారిపోయి, చుట్టూ ఎవరున్నారా అని చూశాడు.

"బెంగపడకు. ఇయ్యాల తేల్చేత్తాను," అంటూ ఆమె సంచిలోంచి పొట్లం తీసింది.

ఈలోగా గౌరీశంకర్ జడ్జిగారిని వెంటబెట్టుకుని అటే వచ్చాడు. సోమేశ్వరరావు బక్కపల్చటి ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఫొటోని ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తున్నాడు.

"ఎక్కడ తీశారండి?"

"కాశ్మీరమండి. మా పెళ్ళయిన కొత్తలో."

"మంచుకి ఎక్స్‌పోజర్ ఎంత పెంచారు?"

"అదీ... ఉజ్జాయింపుగా పెంచానండి."

"తీయడం ఒక ఎత్తు, ఈ ప్రింటు ఒక ఎత్తు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, మంచు ఇలా పలకడం అరుదు. ఏ కాగితం వాడారు?"

గౌరీశంకర్ దగ్గాడు. మఫ్లరు సర్దుకున్నాడు.

"మూడో నంబరు కాగితమండి," అంది సంతోషి వెనకనుంచి. "పదకొండు సెకన్లు. నక్కకి మూడు సెకన్లు సెయ్యడ్డం పెట్టినాను."

ముసలాయన చటుక్కున తిరిగాడు. "నువ్వెవరమ్మా?"

"మా దగ్గర ఫొటోలు కడిగే మనిషండి," అన్నాడు గౌరీశంకర్. "నెగిటివ్ తెమ్మన్నాను, అందుకొచ్చింది. ఏదే, తెచ్చావా?"

తెచ్చాను బాబు, ఇదిగో ఇందులో ఎవులున్నారో సూడండని అనబోయింది. మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆమె మణికట్టుని ఉన్ని గ్లౌజు గట్టిగా పట్టుకుంది.

"ఒక్క నిమిషమండి," అని ఢిల్లీబాబు ఆమెని తడిక వెనక్కి లాక్కుపోయాడు.

అక్కడ ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించిన కత్తెర ఇత్తడి పళ్ళెంలో అలాగే ఉంది, కుంకుమ, అక్షింతలతో సహా. వాడు గ్లౌజు లాగేశాడు. చూపుడువేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది. నడిమివేలికి కొస లేదు. మొండి కొసల మీద చర్మం నిగనిగలాడుతూ గులాబీరంగులో ఉంది.

"ఓరి నాయనో," అంది సంతోషి.

"నక్క కనపడినప్పుడు నాను సెంట్రీ డ్యూటీలో ఉన్నాను అప్పా. తుపాకీ రాయికి ఆనించి కెమెరా తీసినాను. గ్లౌజు తీసి రాయి మీద పెట్టినాను. అది కాలెత్తి అలా నిలబడిపోనాది. నాను కూడా నిలబడిపోనాను, ఎంతసేపో తెల్దు. గ్లౌజు గాలికి ఎగిరిపోనాది. ఆస్పత్రిలో గ్లౌజు సిరిగిపోనాదని రాయించినాను. కాపలాలో తుపాకీ ఒగ్గేసి కెమెరా పట్టుకున్నానని తెలిత్తే ఏలుతో పోదు, ఉద్యోగం పోతాది. లోపల కూడా ఏత్తారు."

"మరి ఆ పక్క బొమ్మ..."

"అందులో నా ఎనకాల ఏటుందో సూసినావా?"

ఆమె నెగిటివ్‌ని ట్యూబులైటుకి ఎత్తింది. తమ్ముడి నవ్వు తప్ప ఇంకేమీ చూడని బొమ్మ అది. ఇప్పుడు చూసింది. ఇసకబస్తాల గోడ, దాని మీదుగా పొడుచుకొచ్చిన తుపాకీ గొట్టం, పక్కన అంకెలు రాసిన బోర్డు.

"అక్కడ ఫొటో తియ్యడమే నేరం అప్పా. ఎవులికీ సూపించకని రాసినాను గదా."

"దిష్టనుకున్నాన్రా," అంది సంతోషి. "దిష్టనుకున్నాను తమ్ముడా."

ఆ ఉత్తరం వాడు ఎడమచేత్తో రాశాడని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"ఏమే, ఎక్కడ చచ్చావు?" తడిక అవతల నుంచి గౌరీశంకర్ పిలిచాడు. మాటలో అదురు ఉంది. పాపం, ఆయనకీ భయంగానే ఉంది.

నెగిటివ్‌ని ఒంటి బొమ్మగా ఎప్పుడూ కత్తిరించకూడదు. పన్నెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు. పళ్ళెంలోంచి కత్తెర తీసుకుని, కుంకుమ కొంగుకి తుడిచి, నక్కకి ఇటూ అటూ కోసింది. మిగిలిన దాన్ని గింజంత గింజంత ముక్కలు చేసింది. ముందుగా తమ్ముడి మొహమే తెగింది.

గౌరీశంకర్ ఆ గోరంత ముక్కని రెండుచేతులా అందుకుని జడ్జికి ఇచ్చాడు. సోమేశ్వరరావు దాన్ని వెలుతురికి పట్టి తల ఊపాడు.

"ఇదే. కానీ ఒక్కటే ఉందేం? మిగతా రీలు ఏమైంది?"

"మిగతావి అంత బాగా రాలేదండి," అన్నాడు గౌరీశంకర్ వినయంగా. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా నవ్వారు. ముసలాయన నవ్వలేదు. సంతోషి వైపు ఒకసారి చూసి, ముక్కని తిరిగి ఇచ్చేశాడు.

సభ మొదలైంది. శాలువా, జ్ఞాపిక, చప్పట్లు. గండం గడిచిన మనిషికి ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొస్తుంది గదా. గౌరీశంకర్ మైకు వదల్లేదు. "మన బారువ కుర్రాడు, సరిహద్దుల్లో దేశాన్ని కాసే జవాను, ఈ సభలో ఉన్నాడు. నేను తీసిన ఈ ఫొటో ఆ సైనికుడికే కానుకగా ఇస్తున్నాను. రా బాబూ, ఢిల్లీబాబూ, పైకి రా!"

జనం చప్పట్లు కొట్టారు. ఢిల్లీబాబు అక్క వైపు చూశాడు, గ్లౌజు తొడుక్కోవడం కూడా మరిచిపోయి మెట్లెక్కాడు. తడిక మీంచి దించిన ఫ్రేముని గౌరీశంకర్ ఇచ్చాడు. వాడు రెండుచేతులా తీసుకుని తలవంచి నమస్కారం చేశాడు. అప్పుడు పడింది ఆయన కంట ఆ చెయ్యి.

"అయ్యో! వేలికేమైంది బాబూ?" మైకు ఇంకా ఆయన నోటి దగ్గరే ఉంది. హాలంతా వినబడింది.

ఢిల్లీబాబు ఫ్రేము కేసి చూశాడు. చేతుల్లో నక్క ఉంది.

"సలికి పోనాదండి," అన్నాడు.

"చూశారా!" అన్నాడు గౌరీశంకర్ జనం వైపు తిరిగి. "మన జవాన్లు ఎంత చలిలో నిలబడతారో చూశారా!" హాలు దద్దరిల్లేలా చప్పట్లు. వెనక వరసలో సంతోషి కూడా కొట్టింది. కొట్టకపోతే పక్కవాళ్ళు చూస్తారని కొట్టింది. ఆ చప్పుడు ఆమెకే అసహ్యమేసింది.

సోమవారం పొద్దున్న ఢిల్లీబాబు ఫ్రేముని తువ్వాల్లో చుట్టుకుని బారువ బస్సెక్కాడు. "అమ్మకి ఏలు సంగతి నానే సెప్తాను," అన్నాడు. "నువ్వు పనికి పో. పని మానేసినా అనుమానమే."

సంతోషి స్టూడియోకి వెళ్ళేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. గౌరీశంకర్ వేడినీళ్ళు తాగుతున్నాడు. ఆయన ముందు జీడిపప్పు వర్తకులు ఇద్దరు రసగుల్లాలు తింటున్నారు.

"సంతోషీ, నక్కది యాభై ప్రింట్లు వెయ్యి. మన ఊరి వర్తకులందరికీ ఇవ్వాలి. వెనకాల ముద్ర కొట్టడం మరిచిపోకు."

"అలాగే బాబు."

డార్క్‌రూం తలుపు వేసుకుంది. ఎర్రబల్బు వేసింది. గోరంత నెగిటివ్‌ని దుమ్ము ఊది ఎన్‌లార్జరులో పెట్టింది. చెయ్యి అలవాటుగా మూడో నంబరు కాగితం డబ్బా మీదికి వెళ్ళింది. పదకొండు సెకన్లు, మూడు సెకన్ల అడ్డం. మూత తీయబోయి ఆగింది.

తరవాత ఆ డబ్బాని పై అరలోకి తోసేసి, కింద దుమ్ము పట్టి ఉన్న రెండో నంబరు డబ్బా లాగింది. ఇరవై సెకన్లు ఇచ్చింది. చెయ్యి ఎక్కడా అడ్డం పెట్టలేదు. మందులో కాగితం ఊగుతుంటే వాలు నెమ్మదిగా పైకి తేలింది. గరుగ్గా, మాసినట్టుగా, దీపం లేని తెలుపు. నక్క అడుగులు బురదలో పడ్డట్టున్నాయి. అచ్చం నౌపడ ఉప్పుమడి. తను మొదటిసారి పాడుచేసిన బొమ్మ ఇదే. ఈసారి కావాలని వేసింది.

తడి కాగితాన్ని పళ్ళెంలో పెట్టి బయటికి తెచ్చింది. గౌరీశంకర్ మఫ్లరు వెనక్కి తోసుకుని, గుమ్మం వెలుతుర్లో వంగి, తాపీగా చూశాడు. వర్తకులు కూడా చూశారు.

"అద్భుతం," అన్నారు వాళ్ళు.

"అచ్చు అలాగే వచ్చిందే," అన్నాడు గౌరీశంకర్. "ఇలాగే కానిచ్చెయ్."

ఆమె లోపలికి వెళ్ళి మిగతా నలభై తొమ్మిదీ అలాగే కానిచ్చింది. మధ్యాహ్నానికి అవి ఆరాయి. ముద్ర వెయ్యడం మరిచిపోలేదు. ఒక్కొక్కదాన్నీ బోర్లించి, సిరా సరిగ్గా అంటించి, ఆయన పేరు ఎక్కడా అలుక్కుపోకుండా గట్టిగా నొక్కింది.